పెరుగుదల శాతం: 9,600 నుంచి 12,000 అయితే 25 శాతమా, 20 శాతమా?

విభాగం: బడి లెక్కలు, ఎనిమిదో తరగతి

నరసన్నపేట_అమ్మ | శనివారం, రాత్రి 8:52

అందరికీ నమస్కారం. మా పెద్దోడు ఎనిమిదో తరగతి. యూనిట్ టెస్టులో వచ్చిన లెక్క ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"పలాస మార్కెట్లో 80 కిలోల జీడిపిక్కల బస్తా ధర గత సంవత్సరం రూ.9,600. ఈ సంవత్సరం రూ.12,000. ధరలో పెరుగుదల శాతం ఎంత?"

వాడు 20 అని రాశాడు. టీచరు కొట్టేసి పక్కన 25 అని వేశారు. అంతవరకే అయితే ఇక్కడ పోస్టు పెట్టేదాన్ని కాదు. మా ఆయనకి కిరాణా కొట్టు ఉంది. పేపరు చూసి, "వాడు వేసిందే రైటు. 12 వేలలో 2,400 అంటే 20 శాతమే. నేను రోజూ వేసే లెక్క ఇదే" అన్నారు. ఇక చూడండి, టీచరు తప్పు, నాన్న రైటు అని మావాడు ట్యూషన్లో కూడా చెప్పుకుంటున్నాడు.

పాత ధరతో భాగించాలని నాకు గుర్తుంది. ఎందుకు అంటే మాత్రం చెప్పలేకపోతున్నాను. "సూత్రం అంతే" అంటే వాడు వినే రకం కాదు. ఎవరైనా వాడికి అర్థమయ్యేలా చెప్పండి.

ఖాకీ_కల | శనివారం, రాత్రి 9:05

25 అక్కా. 9,600లో పావు 2,400. పావు అంటే 25 శాతం. అయిపోయింది. కానిస్టేబుల్ పరీక్షలో ఇలాంటిది వస్తే పెన్ను కూడా కదపం.

నరసన్నపేట_అమ్మ | శనివారం, రాత్రి 9:11

తమ్ముడూ, జవాబు పేపరు మీదే ఉంది. పావు అన్నావు సరే, 12,000లో అయిదో వంతు కూడా 2,400 కదా. నువ్వు 9,600నే ఎందుకు పట్టుకున్నావు?

ఖాకీ_కల | శనివారం, రాత్రి 9:14

కోచింగ్‌లో అలాగే చెప్పారు అక్కా 😅

పలాస_పిక్కలు | శనివారం, రాత్రి 9:40

మీ ఆయన చెప్పింది గాలి మాట కాదమ్మా. మాదీ వ్యాపారమే. కొట్టు నడిపేవాడికి రాత్రి గల్లాపెట్టె తీస్తే కనిపించేది అమ్మకం డబ్బు. 80 రూపాయలకి కొన్నది 100కి అమ్మితే, అమ్మకంలో 20 శాతం మిగిలిందంటాం. ఈ రోజు 15 వేలు అమ్మితే 3 వేలు మనది అని నోటితోనే లెక్క తేలిపోతుంది. దాన్నే మార్జిన్ అంటాం. కొన్న ధర మీద లెక్కేస్తే అదే 25 శాతం అవుతుంది. రెండూ నిజమే, డబ్బూ అదే 20 రూపాయలు.

అయితే ఒకటి. పిక్కల ధర నిరుటి కంటే ఎంత పెరిగిందని రైతు అడిగితే మాత్రం మేం కూడా నిరుటి ధర మీదే చెప్తాం. మీ ఆయన కూడా కందిపప్పు ధర గురించి అడిగితే అలాగే చెప్తారు, కావాలంటే అడిగి చూడండి.

మాస్టారు_విజయనగరం | ఆదివారం, ఉదయం 6:20

అమ్మా, మీ అబ్బాయి పట్టు మంచిదే. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. శాతాల పాఠంలో పిల్లలు పడిపోయేది భాగహారం దగ్గర కాదు, "దేని మీద" అన్న చోట.

శాతం అన్నది ఒంటరిగా నిలబడే సంఖ్య కాదు. ఎవరైనా 25 శాతం అంటే వెంటనే "దేంట్లో?" అని అడగాలి. "జీతంలో 25 శాతం అద్దెకే పోతోంది" అంటే ఆ మాట వాక్యంలోనే ఉంది. "ధర 25 శాతం పెరిగింది" అన్నప్పుడు అది బయటికి కనబడదు. అప్పుడు పిల్లవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: ఏది పెరిగింది? 9,600 పెరిగింది. 12,000 పెరగలేదు, అది పెరిగాక వచ్చిన ధర. కాబట్టి 9,600ని వంద భాగాలు చేయాలి. ఒక్కో భాగం 96. పెరిగిన 2,400లో 96లు ఎన్ని ఉన్నాయి? 25. జవాబు వచ్చేసింది. దీనికి సూత్రం కంఠస్థం అక్కర్లేదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే వాడి జవాబునే పరీక్షకి పెట్టండి. నిజంగా 20 శాతమే పెరిగిందనుకుందాం. 9,600లో 20 శాతం 1,920. కలిపితే 11,520. మార్కెట్లో బస్తా 12,000 ఉంది కదా, మిగతా 480 ఎక్కడిది? ఇక్కడ పిల్లలు తమంతట తామే ఆగిపోతారు. మనం తప్పు అనక్కర్లేదు.

ఇంకో సంగతి. కొత్త ధరతో భాగించడం మొదలుపెడితే, ధర ఎంత పెరిగినా ఆ శాతం 100కి చేరదు. బస్తా 9,600 నుంచి 96,000 అయినా ఆ పద్ధతిలో 90 శాతమే వస్తుంది. ధర పదింతలైన రోజున "ఏం లేదు, 90 శాతం పెరిగింది" అని పలాస వెళ్ళి చెప్పి చూడండి.

బొబ్బిలి_టెన్త్ | ఆదివారం, ఉదయం 9:32

సార్, మరి 80 కిలోలు అని ఎందుకు ఇచ్చారు? దాన్ని ఎక్కడా వాడలేదు కదా. నేనైతే దాన్ని కూడా ఎక్కడో గుణించేసేవాణ్ణి.

మాస్టారు_విజయనగరం | ఆదివారం, ఉదయం 10:15

వాడినా నష్టం లేదు బాబూ. కిలోకి లెక్కేసి చూడు. 9,600 ÷ 80 = 120. 12,000 ÷ 80 = 150. పెరిగింది 30. 120లో 30 అంటే మళ్ళీ 25 శాతమే. పాత, కొత్త ధరలు రెండింటినీ ఒకే సంఖ్యతో భాగించినా గుణించినా శాతం మారదు.

ఉద్దానంలో పిక్కల బస్తా అంటే 80 కిలోలే కాబట్టి పేపరు పెట్టినాయన అలా రాసి ఉంటారు. ప్రశ్నలో ఉన్న ప్రతి సంఖ్యనీ జవాబులోకి లాగాలన్న నియమం ఎక్కడా లేదు.

నరసన్నపేట_అమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 2:48

ఇదే ఐడీ నుంచి కొట్టాయన్ని రాస్తున్నాను. మా ఆవిడ ఫోను చేతికిచ్చి చదవమంది. మాస్టారు గారూ, మీరు చెప్పింది చదివాను. పలాస ఆయన చెప్పిందీ చదివాను. నాదొక సందేహం. నిరుడు 9,600, ఈ ఏడు 12,000, పెరుగుదల 25 శాతం అన్నారు. వచ్చే ఏడు మళ్ళీ 9,600కే పడిపోయిందనుకోండి. అప్పుడు తగ్గింది 25 శాతమా, కాదా?

ఖాకీ_కల | ఆదివారం, మధ్యాహ్నం 2:55

20 శాతం అన్నా. ఇప్పుడు తగ్గేది 12,000 కాబట్టి దాని మీద.

నరసన్నపేట_అమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 3:02

ఇదేం న్యాయం? ఎక్కేటప్పుడు 25, దిగేటప్పుడు 20. డబ్బు మాత్రం అటూ ఇటూ అదే 2,400.

ఖాకీ_కల | ఆదివారం, మధ్యాహ్నం 3:30

అన్నా, దీనికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రూపాయలు వదిలేయండి, భాగాలు పట్టుకోండి. 2,400ని ఒక భాగం అనుకుంటే పాత ధర 4 భాగాలు, కొత్త ధర 5 భాగాలు. మధ్యలో తేడా ఎప్పుడూ ఆ ఒక్క భాగమే. నాలుగు ఉన్నవాడికి అది నాలుగో వంతు, అంటే 25 శాతం. అయిదు ఉన్నవాడికి అయిదో వంతు, అంటే 20.

అలాగే మూడో వంతు పెరిగినది మళ్ళీ మొదటికి రావాలంటే నాలుగో వంతు తగ్గాలి. సగం పెరిగితే మూడో వంతు తగ్గాలి. రెట్టింపైతే సగం తగ్గాలి. పెరిగిన వంతు కింద ఉన్న సంఖ్యకి ఒకటి కలిపితే తగ్గాల్సిన వంతు వచ్చేస్తుంది. ఇది పెట్టుకుంటే ఎగ్జామ్‌లో చాలా ప్రశ్నలు నోటితో అయిపోతాయి.

మాస్టారు_విజయనగరం | ఆదివారం, సాయంత్రం 4:10

ఇది బాగుంది. నిన్న రాత్రి అమ్మగారు అడిగినదానికి ఇదీ జవాబే. కొట్టాయన గారి 20, టీచరు గారి 25, రెండూ ఆ ఒక్క భాగం గురించే. మీరు కొత్త ధర వైపు నిలబడి చూశారు, ప్రశ్న పాత ధర వైపు నిలబడమంది. బళ్ళో లాభ శాతం కూడా కొన్న వెల మీదే కడతారు. మీ మార్జిన్ లెక్క వేరే ప్రశ్నకి జవాబు. అమ్మకంలో మిగులు వాటా ఎంత అని అడిగితే మీ 20కి పూర్తి మార్కులు.

ఉద్దానం_కొబ్బరి | ఆదివారం, సాయంత్రం 6:37

ఎక్కడం దిగడం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నా. మాది వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా తోటలో వంద చెట్లకి నలభై నిలిచాయనుకోండి. 60 శాతం పోయింది. ఆ తర్వాత ఎవరో వచ్చి, "కొత్త మొక్కలతో మీ తోట 60 శాతం పెరిగిందటగా, ఇంకేటి, మొత్తం వచ్చేసినట్టే కదా" అన్నాడు. 40లో 60 శాతం ఎంత? 24. మొత్తం 64 చెట్లు. వంద ఎక్కడ, అరవై నాలుగు ఎక్కడ?

మళ్ళీ వంద కావాలంటే 40 మీద 60 చెట్లు పెరగాలి. అంటే 150 శాతం. పోవడానికి 60 శాతం చాలు, రావడానికి 150 కావాలి. పైగా పోవడానికి ఒక్క రాత్రి చాలు, కొబ్బరి కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. అది ఏ శాతంలోనూ రాదు.

బొబ్బిలి_టెన్త్ | ఆదివారం, సాయంత్రం 6:50

150 శాతం ఎలా ఉంటుంది అన్నా? శాతం అంటే నూటికి కదా. నూటికి నూరు కంటే ఎక్కువ మార్కులు రావు కదా.

నాగావళి_ఒడ్డు | ఆదివారం, రాత్రి 7:25

మార్కులకి పై హద్దు ఉంటుంది. పేపరే నూరు మార్కులకి ఉంటే అంతకు మించి ఎలా వేస్తారు? పెరుగుదలకి అలాంటి హద్దు లేదు. ఉన్నదానికంటే ఎక్కువ వచ్చి కలవొచ్చు.

అందరికీ తెలిసిన ఉదాహరణ చెప్తాను, పింఛను. 2014 అక్టోబరులో వృద్ధాప్య పింఛను 200 నుంచి 1,000 అయింది. పెరిగింది 800. 200 మీద 800 అంటే 400 శాతం. 2019 మొదట్లో 1,000 కాస్తా 2,000 అయింది. పెరిగింది 1,000, శాతం 100. 2024లో 3,000 నుంచి 4,000. ఇక్కడా పెరిగింది వెయ్యే, శాతం మాత్రం 33 చిల్లర. ఈ మూడింటినీ రూపాయల్లో చూస్తే మొదటిసారి పెరిగిందే తక్కువ, శాతంలో అదే అన్నిటికంటే ఎక్కువ. కింద ఉన్న సంఖ్య చిన్నదైతే శాతం అలా ఉబ్బిపోతుంది. పేపర్లో పెద్ద శాతం కనబడితే నేను ముందు చూసేది ఎంత నుంచి మొదలైందనే.

రాజాం_రైడర్ | ఆదివారం, రాత్రి 7:41

మా మామ్మకి 2024 జులైలో ఏడు వేలు ఇచ్చారు. 3,000 నుంచి 7,000. 133 శాతం పెరిగిందని వీధిలో అందరికీ చెప్పింది. అంటే, శాతం నేను లెక్కేసి చెప్పాను, ప్రచారం ఆవిడ చేసింది.

నాగావళి_ఒడ్డు | ఆదివారం, రాత్రి 7:48

😂 ఆ ఏడు వేలలో పింఛను 4,000. మిగతా 3,000 ఏప్రిల్, మే, జూన్ నెలల బకాయి, నెలకి వెయ్యి చొప్పున. తర్వాతి నెల మళ్ళీ 4,000 చేతికొచ్చినప్పుడు "43 శాతం కోసేశారు" అని కూడా చెప్పిందా మీ మామ్మ?

బొబ్బిలి తమ్ముడూ, ఇది నీకు పనికొస్తుంది. పోల్చే రెండు సంఖ్యలూ ఒకే రకానివా కాదా చూడాలి. ఒక నెల పింఛనుని ఒక నెల పింఛనుతో పోల్చాలి, బకాయి కలిసిన డబ్బుతో కాదు.

వేదిక_నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 8:20

పింఛను ఎవరు పెంచారు, ఎవరు పెంచలేదు అన్న పోస్టులు తీసేశాను. ఇది లెక్కల విభాగం. ఆ గొడవకి వేరే చోటుంది.

పలాస_పిక్కలు | ఆదివారం, రాత్రి 9:15

నరసన్నపేట అన్నా, మీ కొట్లోనే ఇంకో 25-20 ఉంది చూశారా? అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్. ధర ఏళ్ళుగా అదే అయిదు, లోపల బరువు తగ్గుతూ వస్తుంది. 50 గ్రాముల ప్యాకెట్ 40 గ్రాములైందనుకోండి. బరువు 20 శాతం తగ్గింది. మరి ధర?

నరసన్నపేట_అమ్మ | ఆదివారం, రాత్రి 9:33

కొట్టాయన్నే. గ్రాము 10 పైసలు ఉన్నది 12.5 పైసలు అయింది. పెరిగింది 2.5. పది మీద రెండున్నర అంటే 25 శాతం. ప్యాకెట్ మీద ధర కదలకుండానే పావు వంతు పెరిగిందన్నమాట. మావాణ్ణి పక్కన కూర్చోబెట్టి వాడి చేతే వేయించాను. వాడు ఇప్పుడు కొట్లో ప్యాకెట్లన్నీ తిప్పి బరువులు చూస్తున్నాడు. బేరం పాడుచేసేలా ఉన్నాడు.

పార్వతీపురం_వరి | సోమవారం, ఉదయం 5:55

వరి మద్దతు ధర గురించి ఒకటి అడగాలి. సాధారణ రకం క్వింటా 2023-24లో 2,183. 2024-25లో 2,300. 2025-26లో 2,369. మొదటి ఏడు 117 పెరిగింది, 5.36 శాతం. రెండో ఏడు 69 పెరిగింది, సరిగ్గా 3 శాతం. రెండేళ్ళకి కలిపి 8.36 శాతం అని నేనంటే, మా అల్లుడు కాదంటున్నాడు. ఎవరిది రైటు?

మాస్టారు_విజయనగరం | సోమవారం, ఉదయం 6:40

అల్లుడు గారిదే. రెండేళ్ళలో పెరిగింది 117 + 69 = 186. మొదలైంది 2,183 దగ్గర. 186 ÷ 2,183 కడితే 8.52 శాతం.

మీ లెక్కలో తేడా ఎక్కడ వచ్చిందంటే, 5.36 శాతం 2,183 మీద, 3 శాతం 2,300 మీద. కింద సంఖ్యలు వేరైనప్పుడు శాతాలని నేరుగా కలపకూడదు. రూపాయలు కలపొచ్చు, రూపాయి ఎక్కడైనా రూపాయే. శాతాలతోనే వెళ్ళాలంటే గుణించాలి: 1.0536 × 1.03 = 1.0852. మళ్ళీ అదే 8.52.

ఇక్కడ తేడా చిన్నది కాబట్టి పెద్దగా పట్టదు. పెరుగుదలలు పెద్దవైతే బాగా కనబడుతుంది. 50 శాతం పెరిగి, మళ్ళీ 50 శాతం పెరిగితే 100 శాతం కాదు, 125 శాతం. వంద నూటయాభై అవుతుంది, నూటయాభై 225 అవుతుంది.

పార్వతీపురం_వరి | సోమవారం, ఉదయం 7:05

అల్లుడికి చూపించను లెండి.

నాగావళి_ఒడ్డు | సోమవారం, మధ్యాహ్నం 1:12

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకోటి. పోటీ పరీక్షలకి వెళ్ళేవాళ్ళు కూడా దీని దగ్గర తడబడతారు. శాతంలో ఉన్నదే పెరిగితే ఎలా చెప్పాలి?

జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 2001లో 55.31 శాతం, 2011లో 61.74 శాతం. విజయనగరం జిల్లాలో 51.07 నుంచి 58.89. ఇవి అప్పటి జిల్లాల హద్దులతో, 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు రాకముందువి. శ్రీకాకుళంలో అక్షరాస్యత ఎంత శాతం పెరిగింది?

ఖాకీ_కల | సోమవారం, మధ్యాహ్నం 1:20

6.43.

నాగావళి_ఒడ్డు | సోమవారం, మధ్యాహ్నం 1:37

6.43 శాతం కాదు, 6.43 శాతం పాయింట్లు. అంటే నూరు మందిలో చదవగలిగేవాళ్ళు సుమారు ఆరుగురున్నర మంది పెరిగారు. పెరుగుదల శాతం కావాలంటే ఇక్కడా మాస్టారి ప్రశ్నే: ఏది పెరిగింది? 55.31 పెరిగింది. 6.43 ÷ 55.31 = 11.6 శాతం. విజయనగరంలో 7.82 పాయింట్లు, 51.07 మీద 15.3 శాతం.

రెండూ చెల్లుతాయి, కాకపోతే ఏది చెప్తున్నామో చెప్పాలి. బ్యాంకు వడ్డీ 8 నుంచి 9 అయితే ఒక పాయింటే, కానీ వడ్డీ రేటు 12.5 శాతం పెరిగినట్టు. లోను అమ్మేవాడు ఒకటే పెరిగిందంటాడు, కట్టేవాడికి 12.5 కనబడుతుంది.

ఖాకీ_కల | సోమవారం, మధ్యాహ్నం 1:44

ఆప్షన్లలో 6.43, 11.6 రెండూ ఇచ్చి చంపుతారు. ఈ పోస్టు స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

అదే పద్ధతిలో జనాభా కూడా చేశా. శ్రీకాకుళం జిల్లా 2001లో 25,37,593, 2011లో 27,03,114. ఇంత పెద్ద సంఖ్యలు చూస్తే ముందు టెన్షన్ వస్తుంది. తేడా 1,65,521. భాగహారం మొత్తం చేయక్కర్లేదు. 25.4 లక్షల్లో ఒక శాతం 25,400. 1,65,500లో 25,400లు ఆరున్నర. అసలు జవాబు 6.52. ఆప్షన్లలో దానికి దగ్గరది టిక్కు పెట్టేయడమే.

బొబ్బిలి_టెన్త్ | సోమవారం, సాయంత్రం 5:18

అయితే పదేళ్ళకి 6.52 అంటే ఏడాదికి 0.652 శాతమా?

మాస్టారు_విజయనగరం | సోమవారం, సాయంత్రం 5:50

కాదు, కొంచెం తక్కువ. సుమారు 0.63. ఏటా పెరిగినది మరుసటి ఏటికి మొదలులో కలిసిపోతుంది కాబట్టి, పొద్దున వరి ధర దగ్గర చెప్పిన కారణమే. చక్రవడ్డీ పాఠం వచ్చాక మళ్ళీ అడుగు, అప్పుడు చేసి చూపిస్తా.

రాజాం_రైడర్ | సోమవారం, రాత్రి 8:06

సున్నా నుంచి పెరిగితే? మా వీధి క్రికెట్ టీమ్ నిరుడు ఒక్క మ్యాచ్ గెలవలేదు, ఈ ఏడు మూడు గెలిచింది. ఎంత శాతం?

నాగావళి_ఒడ్డు | సోమవారం, రాత్రి 8:15

చెప్పలేం. సున్నాతో భాగించలేం. సున్నాని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం సున్నా, అలాంటివి ఎన్ని పోగేస్తే మూడవుతాయి? "సున్నా నుంచి మూడు" అని చెప్పుకోండి, అదే గొప్ప.

ఖాకీ_కల | సోమవారం, రాత్రి 9:02

బొబ్బిలి తమ్ముడికి ఒక లెక్క: జీడిపిక్కల బస్తా ధర 20 శాతం పెరిగి 12,000 అయింది. పాత ధర ఎంత?

బొబ్బిలి_టెన్త్ | సోమవారం, రాత్రి 9:10

12,000లో 20 శాతం 2,400. తీసేస్తే 9,600.

నరసన్నపేట_అమ్మ | సోమవారం, రాత్రి 9:26

ఈసారి మావాడు టైపు చేస్తున్నాడు: "కాదు. 9,600కి 20 శాతం కలిపితే 11,520 వస్తుంది. 12,000 రాదు. మాస్టారు గారు నాకు చెప్పారు."

బొబ్బిలి_టెన్త్ | సోమవారం, రాత్రి 9:31

అవునే. మరి ఎంత?

మాస్టారు_విజయనగరం | సోమవారం, రాత్రి 9:45

ఈ లెక్కలో 20 శాతం మనకి తెలియని పాత ధర మీద ఉంది. దాన్ని వంద భాగాలు అనుకో. 20 భాగాలు పెరిగితే మొత్తం 120 భాగాలు. ఆ 120 భాగాల విలువ 12,000. ఒక్కో భాగం 100. పాత ధర వంద భాగాలు, అంటే 10,000. సరిచూడు: 10,000లో 20 శాతం 2,000, కలిపితే 12,000.

కొత్త ధర ఇచ్చి పాతది అడిగితే తీసివేతకి వెళ్ళొద్దు. భాగాలు చేసుకో.

రాజాం_రైడర్ | మంగళవారం, మధ్యాహ్నం 12:28

మాస్టారు గారూ, ఈ భాగాల లెక్క జీఎస్టీకి కూడా పనిచేస్తుందా? ఇంటికి మిక్సీ కొన్నాను, 18 శాతం పన్నుతో కలిపి 2,360. ఇందులో పన్ను ఎంతో తెలుసుకుందామని 2,360 మీద 18 శాతం కొడితే 424.80 వచ్చింది. షాపువాడు అంత కాదంటున్నాడు.

మాస్టారు_విజయనగరం | మంగళవారం, మధ్యాహ్నం 1:05

అచ్చంగా అదే లెక్క బాబూ. పన్ను వేసేది వస్తువు ధర మీద, పన్నుతో కలిపిన ధర మీద కాదు. వస్తువు 100 భాగాలు, పన్ను 18 భాగాలు, మొత్తం 118. 2,360 ÷ 118 = 20. వస్తువు ధర 2,000, పన్ను 360. మీరు కట్టిన 424.80లో పన్ను మీద పన్ను కూడా కలిసిపోయింది.

రాజాం_రైడర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:19

బిల్లు తీసి చూశాను. కేంద్రం జీఎస్టీ 180, రాష్ట్రం జీఎస్టీ 180 అని రెండు వరుసల్లో ఉంది. సరిపోయింది.